ఙ

ఒకటో తరగతి వాచకంలో దాని పక్కన బొమ్మ లేదు.
క పక్కన కలం, గ పక్కన గంప,
ఘ కోసం కూడా ఎవరో కష్టపడి ఒక ఘటం గీశారు.
దీనికి ఉత్త గడి.
"దాంతో మాట నేదర్రా, ఓపాలి అనేసి ఒగ్గీండి"
అన్నారు కిమిడి బళ్ళో ముత్యాలమ్మ టీచరు.
ఒగ్గేశాం. నలభై ఏళ్ళు.

చంద్రగిరి ఆస్పత్రి రిజిస్టరులో
ఆమె పేరు రాయాల్సి వచ్చింది.
ఫుర్బు తాత టిబెటన్‌లో అడిగి ఒడియాలో చెప్పాడు,
నేను ఒడియాలో విని తెలుగులో తడబడ్డాను.
నవాంగ్? కాదు. గవాంగ్? కాదు.
ఆమె నోరు తెరిచి వేలితో చూపించింది
నాలుక వెనక, గొంతు గుమ్మం దగ్గర,
గాలి ముక్కులోకి మళ్ళే చోటు.

ఙవాంగ్ చోజొమ్.
వయసు ముప్పై నాలుగు. సన్యాసిని.
మంచు దాటి వచ్చి ఏడాది.
బాధ: భుజాలు లేవవు.

ఎందుకు లేవవో రాయడానికి ఇంకో గడి ఉంది.
తాత చెప్పబోయి, చెప్పకుండా
తన ముసలి చేతులు రెండూ వెనక్కి విరిచి
పైకి ఎత్తబోయి, వదిలేసి,
కిటికీలోంచి మొక్కజొన్న చేను కేసి చూస్తూ ఉండిపోయాడు.
ఆ గడి అలాగే ఉంచాను.

నా నడుముకి బీరువా తాళాలగుత్తి,
నడిస్తే గలగల.
ఆమె ఊపిరి ఎక్కడ ఆగుతోందో
పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.
గుత్తికి పాత జాకెట్టుగుడ్డ చుట్టాను.
ఆమె కుర్చీని తలుపు కనపడేలా తిప్పాను.
కండలకి కరెంటు పెట్టే పెట్టె ఒకటుంది మాకు,
ఎర్ర తీగ, నల్ల తీగ.
దానికి దుప్పటి కప్పి పక్కగదిలో పడేశాను.
ఇంతా చేసి, ఒక గురువారం
ఏదో ధ్యాసలో, మాట్లాడకుండా, వెనకనుంచి వచ్చి
భుజానికి నూనె రాయబోయాను.

ఆమె బల్లకింద ఉంది.
ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.

రమ్మనలేదు నేను.
కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేనూ దూరాను,
కొంచెం ఎడంగా.
బయట వాన మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది.
కాళ్ళు తిమ్మిరెక్కాయి.
ఏం మాట్లాడాలో తెలీక
క, ఖ, గ, ఘ అన్నాను పైకే, బళ్ళో పిల్లలాగ.
అయిదోది ఆమె అంది.

శనివారం కిమిడి బస్సులో
కిటికీ అద్దం ఆవిరి మీద రాసి చూశాను.
వంకాయలో ఉంది. బెంగలో ఉంది.
దొంగలో, పొంగులో, సంకెళ్ళలో,
సున్నా చాటున ముడుచుకుని
ఇన్నాళ్ళూ మా నోళ్ళలోనే ఉంది.
ముందు వరసలో నిలబడనివ్వలేదు, అంతే.

గోడ మీద సుద్దతో గీతలు పెట్టాను,
వేళ్ళు ఎక్కడిదాకా పాకితే అక్కడ.
ఒకరోజు జానెడు పైకి.
మర్నాడు అందులో సగం కూడా లేదు.
ఎక్కడో టపాకాయ పేలిన వారం
గీతే లేదు.

బరంపురం నుంచి వచ్చిన అధికారి
పెన్నుతో కొట్టి అడిగాడు, ఈ గడి ఎందుకు ఖాళీ?
ఆమె చెప్పినప్పుడు రాస్తానన్నాను.
చెప్పకపోతే?
పేరు సరిగ్గా ఉందండీ, చూడండి, అన్నాను.
ఆయన చదవలేకపోయాడు.

కోతలయ్యాక ఆమె మొక్కజొన్న పొత్తులు తెచ్చింది,
పొట్టు వెనక్కి ఒలిచి, రెండేసి ముడేసి.
వాళ్ళ ఇళ్ళల్లో దూలాలకి వేలాడదీస్తారు.
ఆస్పత్రి దూలం అందలేదు.
మేకూ అందలేదు. లేవబోయాను.
"ఆచా," అంది, అంటే అక్కా అని, "కూచో."
మోచెయ్యి వణుకుతుండగా
తలుపు గొళ్ళేనికి అందింది. అక్కడే తగిలించింది.

అప్పట్నుంచి ఆ తలుపుకి గొళ్ళెం పడటం లేదు.
గాలికి పొత్తులు చెక్కని తడుతున్నాయి.
ఎవరూ తియ్యలేదు.